ఉత్తరపు ఒడ్డు

చెల్లెలు ఆసుపత్రి మంచం మీద ప్రాణం వదులుతుంటే అక్క దీవిలో సముద్రస్నానం చేసింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. పడవ దిగి తిన్నగా వచ్చిన మనిషి చీర అంచుకి ఇసుక అంటుకుని ఉంది. మేస్త్రి తన కళ్ళతో చూశాడు. ఆ రోజు నుంచి నాలుగేళ్ళుగా వదినగారితో ఆయన ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ వదినగారే ఆయన పనిబల్ల దగ్గర కుర్చీ వేసుకుని, అదే దీవి పటం మీద వేలు పెట్టి, ఏ ఒడ్డున ఎండ తక్కువో చెబుతోంది.

పటం తెచ్చింది కోడలు. పడవ టికెట్లు కొన్నదీ కోడలే. నలుగురికీ కొనేసింది.

"నేను వస్తానని నీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు మేస్త్రి. ఆయన ముందు కాలిపోయిన నీళ్ళ మోటారు పొట్ట తెరుచుకుని ఉంది. లోపలి కాయిళ్ళను పటకారుతో పీకి కింద పడేస్తున్నాడు. మాడిన వార్నిష్ వాసన గదంతా ఉంది.

"ఎవరూ చెప్పలేదండీ. మొన్న భోజనాల దగ్గర అడిగాను. మీరేం అనలేదు."

"అవును. అనలేదు."

"అందుకే కదా కొన్నాను! మౌనం అర్ధాంగీకారం అంటారు."

"ఎవరంటారు? కరెంటు పని చేసేవాడెవడూ అనడు."

బల్లకి అవతల తీగ చుడుతున్న కొడుకు నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. తండ్రి అటు చూశాడు. దగ్గు కూడా ఆగిపోయింది.

ఆ ఇంటి పద్ధతి వేరు. ముందు గది షాపు, వెనక గదులు ఇల్లు. షాపులో మోటారుకి కొత్త తీగ చుట్టడం అయ్యాక కరెంటు ఇచ్చి చూస్తారు. ఇచ్చేముందు గదిలో ఉన్న ప్రతి మనిషీ "తీశా" అని నోటితో చెప్పాలి. చేతులు తీశానని. గుమ్మంలో నిలబడ్డ వాడైనా సరే, చెప్పి తీరాలి. ఒక్కడు చెప్పకపోయినా మేస్త్రి స్విచ్చి ముట్టుకోడు. ఆయన పని నేర్చుకునే రోజుల్లో ఎవడో తొందరగాడు అడగకుండా స్విచ్చి వేశాడు. దాంతో గురువుగారు ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకోవాల్సి వచ్చింది.

షాపు పద్ధతి మెల్లగా ఇంట్లోకి నడిచింది. గోడకి రంగు మార్చాలన్నా, కొత్త మంచం కొనాలన్నా, ఆఖరికి కొడుకు పెళ్ళి ఖాయం చెయ్యాలన్నా అందరూ "తీశా" అనాల్సిందే. అననివాడి చెయ్యి ఇంకా లోపలే ఉందని అర్థం. ఆ ఇంట్లో మౌనం ఒప్పుకోలు కాదు, అడ్డుగోడ. కోడలు వచ్చి ఏడాది నిండలేదు. అది మోటార్ల సంగతనే అనుకుంది. కాదని మొగుడు చెప్పి ఉండాలి. చెప్పలేదు. వాడు ఏదైనా అడిగితే చెబుతాడు, అడక్కపోతే కడుపులో దాచుకుంటాడు.

"సరే, నాదే తప్పు," అంది కోడలు. "టికెట్లు మాత్రం వచ్చేశాయి. పటం ఒక్కసారి చూడండి మావయ్యగారూ. నచ్చకపోతే అప్పుడు తిట్టండి."

మేస్త్రి చూడలేదు. చూడొద్దనీ అనలేదు.

ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. ఏ మాత్ర ఏ పూటో చూసి పొట్లాలు కట్టిన చెయ్యి కదా, దీవిని కూడా అలాగే కట్టింది. పొద్దుటికి ఒక ఒడ్డు, సాయంత్రానికి ఒక ఒడ్డు. ఒక్కో ఒడ్డు మీద గుర్తుకి ఒక ఇత్తడి వాషరు పెట్టింది. వాషర్లు మొగుడి డబ్బాలోంచి తీసుకుంది.

"ఇదిగో, పడమటి ఒడ్డు. పొద్దు గుంకేటప్పుడు బాగుంటుందట. జనం కూడా ఎక్కువేనట. ఇది మొదటి రోజు సాయంత్రానికి. దక్షిణం వైపు అంతా పగడపు రాళ్ళు, చెప్పుల్లేకుండా దిగకూడదు. కానీ నిలబడ్డ చోటినుంచే చేపలు కనిపిస్తాయట. ఇది పొద్దున్నే."

"భోజనానికి ముందా, తర్వాతా?" అన్నాడు మొగుడు.

"మీరు ఊరుకోండి. తూర్పున అలలు పెద్దవి, ఎర్రజెండా పాతేస్తారు. అది కొట్టేశాను."

"తూర్పు ఏం పాపం చేసింది?"

"పాపం తూర్పుది కాదు, మీది. మీకు ఈత రాదు. ఈ నైరుతి మూలేమో మడుగులాగా ఉంటుంది, మోకాళ్ళ లోతే. పెద్దవాళ్ళకి హాయి."

"పెద్దవాళ్ళకి మోకాళ్ళ లోతు చాలని ఎవరు తేల్చారమ్మా?" అంది పెద్దమ్మ.

పెద్దమ్మ అంటే మేస్త్రి వదినగారే, చనిపోయిన ఇల్లాలికి తోడబుట్టిన అక్క. కుట్టుపని నేర్పుతుంది. మూడేళ్ళకి పైగా ఈ గడప తొక్కలేదు. కోడలు వచ్చాక, ఈమె ఎవరో ఎందుకు రాదో తెలియక, వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అప్పటినుంచి సెలవురోజు వచ్చి కూర్చుంటోంది. మేస్త్రి ఆమె వచ్చినప్పుడు లేవడు, వెళ్ళేటప్పుడు తల ఎత్తడు.

"అయితే ఉత్తరం ఎలా ఉంటుంది?" అంది కోడలు. "దాని గురించి ఎక్కడా సరిగ్గా రాయలేదు. పెద్దత్తయ్యగారూ, మీరు వెళ్ళొచ్చారు కదా. మీరే చెప్పాలి."

పెద్దమ్మ వేలు పటం మీద పైకి జరిగింది. ఉత్తరపు ఒడ్డు మీద ఆగింది.

"అక్కడ సరుగుడు చెట్లుంటాయి. నీడ. జనం అంత దూరం రారు. ఇసుక తెల్లగా, జల్లించిన పిండిలాగా ఉంటుంది." అక్కడి వాషరుని వేలితో అంచుకి జరిపింది. "ముందు అక్కడికే వెళ్ళండి. అది చూడకపోతే దీవి చూసినట్టు కాదు."

మేస్త్రి పటకారు కింద పెట్టాడు. లేచి వచ్చాడు. ఉత్తరపు ఒడ్డు మీదున్న వాషరు తీసి డబ్బాలో పడేశాడు.

"ఉత్తరం వద్దు."

"ఎందుకండీ?"

"వాషర్లు మోటార్లకి. ఒడ్లకి కాదు."

"మరి మిగతావి ఉంచారుగా?"

ఆయన వెళ్ళి మళ్ళీ తన స్టూలు మీద కూర్చున్నాడు. పటకారు తీసుకున్నాడు. ఒక కాయిలు పట్టి లాగాడు. అది రాలేదు.

"అమ్మాయ్," అన్నాడు. "ఆవిడకి చెప్పు. ఉత్తరం సంగతి ఆవిడకి బాగా తెలుసు. ఎప్పుడు వెళ్ళాలో, ఎవరిని ఎక్కడ వదిలేసి వెళ్ళాలో, అన్నీ చెబుతుంది."

కోడలు అటు తిరగబోయింది. పెద్దమ్మ అప్పటికే అందుకుంది.

"మీ మావగారికి చెప్పమ్మా. నేను ఎవర్నీ వదిలేసి వెళ్ళలేదు."

"ఆవిడకి చెప్పు. ఈత కొట్టేవాళ్ళకి చెల్లెలి పిలుపు వినపడదని."

"ఆయనకి చెప్పు. నాకు ఈత రాదని. నడుము లోతు దిగానని."

"నడుము లోతట. విన్నావా?"

"ఇద్దరూ ఎదురెదురుగానే ఉన్నారు కదండీ!" అంది కోడలు. "మధ్యలో నేనేం తంతి ఆఫీసునా?"

ఎవరూ నవ్వలేదు. కొడుకు చేతిచక్రం మీద తీగ చుడుతూనే ఉన్నాడు గానీ చుట్లు లెక్క తప్పాడు. మొదటికి వచ్చాడు.

"అసలేం జరిగింది? ఒక్కరైనా చెప్పండి," అంది కోడలు.

"చెబుతా," అన్నాడు మేస్త్రి. గొంతు పెంచలేదు. సరుకు ధర చెప్పినట్టు చెప్పాడు. "మీ అత్తయ్య పోయిన రోజు ఈవిడ ఆ ఒడ్డున నీళ్ళలో ఉంది. చెల్లెలికి బాగోలేదని తెలుసు. తెలిసే వెళ్ళింది, తెలిసే ఉండిపోయింది. శవం ఇంటికొచ్చాక వచ్చింది. అంతే."

కోడలు పెద్దమ్మ వైపు చూసింది. కాదంటుందని చూసింది.

"నిజమే," అంది పెద్దమ్మ.

పెద్దమ్మ కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకుంది. కుర్చీ గోడవారకి జరిపింది. ఆ కుర్చీ ఎక్కడిదో అక్కడ పెట్టడం ఆమెకి అలవాటు.

"నా టికెట్టు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమ్మా. నువ్వు పిలిచావని వచ్చాను ఇన్నాళ్ళూ. పుండు మానిందేమో అనుకున్నాను. కెలుకుతూ కూర్చున్నాం. ఇంక రాను."

"వచ్చే సెలవురోజుకి రారా?"

"ఈ ఇంటికి."

ఆమె చెప్పుల్లో కాలు పెట్టబోతుంటే గుమ్మంలో పిండిమర యజమాని అడ్డం వచ్చాడు. వెనక తోపుడుబండి. అతని మోటారు తయారై గుమ్మం పక్కనే నేల మీద ఉంది. తీగలు గడప దాకా చాచి ఉన్నాయి. బయటికి పోవాలంటే వాటిని దాటాలి.

"మేస్త్రీ, అయిందా? అయిందన్నావని బండి కూడా తెచ్చా. జనం గోధుమలు తెచ్చి, మూతపడ్డ మర చూసి, నన్ను తిట్టుకుంటూ తిరిగి మోసుకుపోతున్నారు. ఎవరికీ మొహం చూపించలేకపోతున్నా."

"అయింది. ఒకసారి తిప్పి చూపిస్తా," అన్నాడు మేస్త్రి. వదినగారి వైపు చూడకుండా, "తీగలు దాటొద్దని చెప్పు. అయ్యాక వెళ్ళమను," అన్నాడు కోడలితో.

పెద్దమ్మ ఒక కాలు చెప్పులో, ఒక కాలు గచ్చు మీద ఉంచి నిలబడిపోయింది.

మేస్త్రి తీగ కొసలు బిగించాడు. స్విచ్చి దగ్గరికి వెళ్ళాడు.

"ఊఁ."

"తీశా," అన్నాడు పిండిమరాయన. "వారం కిందటే తీశా."

"తీశా," అంది కోడలు.

"తీశానని చెప్పమ్మా," అంది పెద్దమ్మ.

"ఎవరి నోటితో వాళ్ళే చెప్పాలి."

అది కోడలితో అన్నట్టే అన్నాడు. కానీ కోడలు అప్పటికే చెప్పేసింది. పెద్దమ్మ ఆయన వీపు వైపు చూసింది.

"తీశా," అంది.

ఇక కొడుకు ఒక్కడే. వాడు తన బల్ల వదిలి గది మధ్యకి వచ్చి నిలబడ్డాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. మోటారు ఎక్కడో, వాడు ఎక్కడో. అయినా నోరు విప్పలేదు.

"ఊఁ," అన్నాడు మేస్త్రి మళ్ళీ.

"ఏం అబ్బాయ్?" అన్నాడు పిండిమరాయన. "ఆ ఒక్క ముక్కా అంటే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

"అనను," అన్నాడు కొడుకు.

మేస్త్రి వెనక్కి తిరిగాడు. చిన్నప్పటినుంచి ఆ గదిలో వాడు ఆ మాట అనకపోవడం ఆయన ఎరగడు.

"పెద్దమ్మ వెళ్ళిపోతోంది నాన్నా. నేను ఒక సంగతి చెప్పాలి. అది చెప్పేదాకా అనను."

పిండిమరాయన ముగ్గురి మొహాలూ చూశాడు. "నేను టీ తాగొస్తా," అన్నాడు. "పెద్ద గ్లాసే తాగుతాలే." బండి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

"వద్దురా," అంది పెద్దమ్మ. "మాటిచ్చాం."

"నాలుగేళ్ళు నిలబెట్టుకున్నాం కదా పెద్దమ్మా. ఎవరికి ఒరిగింది?"

"ఏం మాట?" అన్నాడు మేస్త్రి.

కొడుకు నేల చూస్తూ మొదలుపెట్టాడు. వాడికి మాటలు రావు. తీగ చుట్టినట్టు, ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు పేర్చుకుంటూ చెప్పాడు.

"మధ్యాహ్నాలు మీరు స్నానానికీ భోజనానికీ ఇంటికొచ్చేవారు. ఆసుపత్రిలో అమ్మ దగ్గర నేను ఉండేవాణ్ణి. ఆ రోజు అమ్మే ఫోను కలపమంది. పెద్దమ్మకి. పెద్దమ్మ సాయంత్రం పడవకి వచ్చేస్తానంది. అమ్మ ఒప్పుకోలేదు. నువ్వొచ్చి కూర్చున్నంత మాత్రాన నేను లేచి గంతులేస్తానా అంది. సముద్రం వినపడేలా ఫోను పెట్టమంది. పెద్దమ్మ పెట్టింది. అమ్మ దిండు మీద పెట్టుకుని వింది. చాలాసేపు. తర్వాత, ఒడ్డున కాదు, లోపలికి దిగి చెప్పమంది. ఎలా ఉందో చెప్పమంది. పెద్దమ్మ దిగింది."

పెద్దమ్మ కుర్చీ కోసం చూసింది. అది గోడవార ఉంది. నిలబడే ఉంది.

"అమ్మ దిగమంటే దిగింది నాన్నా. చీరతోనే."

మేస్త్రి చెయ్యి ఇంకా స్విచ్చి పక్కనే గోడ మీద ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మ చెప్పొద్దంది."

"ఎందుకు?"

కొడుకు పెద్దమ్మ వైపు చూశాడు. ఈ చుట్టు తన వల్ల కాదన్నట్టు.

"మీరు దాన్ని ఆ దీవికి తీసుకెళ్తానని అంటూ వచ్చారట కదా," అంది పెద్దమ్మ. కోడలి వైపు తిరగలేదు. ఆయనతోనే అంది. "ఈ వేసవికి, ఆ చలికాలానికి అని. ఫోనులో వినేశానని తెలిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారు, ఆయన తీసుకెళ్ళాకే చూశానని అనుకోనీ అంది. బతుకుతాననే అనుకుంది మరిదిగారూ. ఆ మధ్యాహ్నం అలాగే అనుకుంది."

కోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు ముక్కు ఎగబీల్చాడు.

"అంతే నాన్నా," అన్నాడు. "ఇప్పుడు తీశా."

మేస్త్రి స్విచ్చి వెయ్యలేదు. గోడ మీదనుంచి చెయ్యి తీసి, పాతగుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడిచాడు. వచ్చి పటం ముందు నిలబడ్డాడు.

"ఏం చెప్పారు ఆమెకి?" అన్నాడు.

ఎవరిని అడుగుతున్నాడో కోడలికి వెంటనే అర్థం కాలేదు. పెద్దమ్మకి అయింది.

"నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయని చెప్పాను. అల వెనక్కి పోతుంటే పాదాల కింది ఇసుక కూడా పోతోందని, ఎవరో చాప లాగేస్తున్నట్టుందని చెప్పాను. నవ్వింది. పడతావు, చూసుకో అంది."

"ఇంకా?"

"ఆయనయితే ఇంత లోపలికి రారు, ఒడ్డునే కూర్చుని, చెప్పుల్లో ఇసుక పడిందని మనల్ని తిడతారు అంది."

"ఇంకా?"

"ఇంకేం అనలేదు. ఆయాసం వచ్చింది. వీడు ఫోను తీసేశాడు."

మేస్త్రి తల ఊపాడు. కోపం లేదు. కరగడమూ లేదు. ఒక మోటారు ఎక్కడ కాలిందో తెలిసినప్పుడు ఊపినట్టే ఊపాడు.

"అమ్మాయ్. ఉత్తరానికి ఏ రోజు వీలవుతుంది?"

కోడలు తడబడింది. కళ్ళు తుడుచుకుని పటం మీదికి వంగింది. "రెండో రోజండీ. రెండో రోజు పొద్దున దక్షిణం ఒడ్డు పెట్టాను. పగడపు రాళ్ళు మర్నాటికి జరుపుతాను."

"జరుపు. రెండో రోజు నేనూ వదినగారూ ఉత్తరానికి వెళ్తాం. నువ్వూ రావాలంటే రా. వాడు రాకూడదు."

కోడలు వేలు పటం మీదే ఉండిపోయింది.

"వాడు ఆ పూట పడమటి ఒడ్డున ఉంటాడు. అక్కడ జనం ఉంటారు, కాలక్షేపం అవుతుంది."

"అదేంటండీ? చెప్పొద్దన్నది అత్తయ్యగారు కదా. ఈయన తప్పేముంది ఇందులో?"

"ఆవిడ పోయింది. పోయినదానితో పోట్లాడలేను," అన్నాడు మేస్త్రి. "వీడున్నాడు. నాలుగేళ్ళు నా ఎదురుగా కూర్చుని తీగ చుట్టాడు. ఈవిడ్ని నేను పురుగుని చూసినట్టు చూస్తుంటే చూస్తూ చుట్టాడు. రేపటినుంచి వాడి బల్ల వెనక గదిలో వేసుకోమను."

ఎదురుగా ఉన్న కొడుక్కి, ఇన్నాళ్ళూ వదినగారికి లాగే, కోడలి చేత చెప్పించడం గదిలో అందరూ విన్నారు.

"మరిదిగారూ," అంది పెద్దమ్మ. చెప్పులో పెట్టిన కాలు బయటికి తీసేసింది. వట్టి కాళ్ళతో వచ్చి బల్లకి ఇవతల నిలబడింది. "నాలుగేళ్ళు నన్ను మాడ్చారు. పడ్డాను. ఇప్పుడు నన్ను దించి వాణ్ణి ఎక్కించారా పొయ్యి మీదికి? ఎవరో ఒకరు మాడకపోతే మీకు పూట గడవదా?"

"వదినగారూ, మీ సంగతి అయిపోయింది."

"నాది కాలేదు. వాడు రాని ఒడ్డుకి నేనూ రాను. మీరొక్కరే వెళ్ళి కూర్చోండి. ఎక్కడ దిగానో కూడా మీకు తెలియదు. చూపించేవాళ్ళుండరు."

"పెద్దమ్మా, వద్దులే," అన్నాడు కొడుకు.

"నువ్వు ఊరుకో. ఊరుకోవడం నీకు బాగానే వచ్చుగా."

గుమ్మంలో పిండిమరాయన మళ్ళీ కనిపించాడు. పెద్ద గ్లాసు అయిపోయినట్టుంది. లోపలికి రాకుండా బండి పిడి పట్టుకుని నిలబడ్డాడు.

"ఆయన్ని రేపు రమ్మని చెప్పు," అన్నాడు మేస్త్రి కోడలితో. చేసిన పని ఇవ్వకుండా మనిషిని తిప్పి పంపడం ఆ షాపులో అదే మొదటిసారి. పిండిమరాయన నోరు తెరిచి, మూసుకుని, బండి తిప్పుకున్నాడు. చక్రం కిర్రుమంటూ వీధి చివరిదాకా వినిపించింది.

ఆ చప్పుడు ఆగాక కోడలు నెమ్మదిగా అంది. "మావయ్యగారూ. పడవకి ఇంకా టైముంది. ఇవాళ అందరం వేడి మీదున్నాం. రేపో ఎల్లుండో తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం. మీరూ, ఆయనా, పెద్దత్తయ్యగారూ. అత్తయ్యగారి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు, నేను ఆవిడ్ని ఫొటోలో చూడటమే..."

"మాట్లాడుకోండి," అన్నాడు మేస్త్రి. "మీరు ముగ్గురూ ఎంత కావాలంటే అంత మాట్లాడుకోండి. నేను లేనప్పుడు."

"మీరు?"

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ఇందాక రాని కాయిలుని పటకారుతో పట్టుకున్నాడు.

"వినాల్సింది విన్నాను. చెప్పాల్సింది చెప్పాను. ఆ ఫోను గురించి గానీ, ఆ ఒడ్డు గురించి గానీ, ఆ మధ్యాహ్నం గురించి గానీ నా నోట ఇంకో మాట రాదు. దీవిలో అడిగినా రాదు, చావబోయేముందు అడిగినా రాదు. అడగొద్దు."